డబ్బా మీద చిల్లులు

పరదేశి అనే రైతు పెరట్లో కందమడి కింద ఒక ముసలి పందికొక్కు బొరియ ఉంది. దాన్ని చంపడానికి పరదేశి గాలితుపాకి కొన్నాడు. ముందుగా గోడకు నూనెడబ్బా ఆనించి, దాని నడుమ సున్నంబొట్టు పెట్టి, రోజూ సాయంత్రం కాల్చడం నేర్చుకునేవాడు.

"వారమైంది. ఒక్క గుండైనా బొట్టుకు తగల్లేదు" అని పందికొక్కు నవ్వింది.

గోడ మీది తొండ అంది: "బొట్టును కాదు మామా, చిల్లుల్ని చూడు. మొదట్లో డబ్బా అంతటా ఉండేవి. ఇప్పుడన్నీ ఎడమ మూల రూపాయి బిళ్లంత చోట్లోనే పడుతున్నాయి. ఇక గురి కాస్త జరుపుకుంటే చాలు. నువ్వు ఇల్లు మారు."

"కందదుంప ఊరే వేళ నేనెక్కడికి పోతాను? నువ్వే చిల్లులు చూసుకుంటూ కూర్చో."

మర్నాడు సాయంత్రం కందమడి వైపు తుపాకి ఒక్కసారే పేలింది. తొండ గోడ దిగివచ్చి డబ్బా చూసింది. కొత్త చిల్లు లేదు.