మాట్లాడే బండి

మొగుడు దొంగతనం ఒప్పుకున్నందుకు సంతోషపడి కోటప్పకొండకి కొబ్బరికాయ మొక్కుకున్న ఆడది నరసరావుపేట మొత్తానికి భార్గవి ఒక్కతే అయ్యుంటుంది. అలాగని ఆమెని తప్పు పట్టలేం. ఆమె భయం దొంగతనం గురించి కాదు మరి.

ఆ మధ్యాహ్నం ఆమె బట్టలు కుట్టే కొట్లో మిషన్ సూది విరిగింది. కొత్తది ఇంట్లో ఉందని బయల్దేరి వచ్చింది. పెరట్లో రేకుల షెడ్డు లోపల గడియ పెట్టి ఉంది. ఆమె మొగుడు ఉపేంద్ర పొలం మోటార్లకి వైండింగ్ చేసే షెడ్డు అది. మోటార్లు దించుకోవడానికి సందు వైపు ఇంకో తలుపు కూడా ఉంది.

లోపల్నుంచి ఆడగొంతు వినిపించింది.

"ముట్టుకోమాక! చెప్తన్నాగా, దూరం జరుగు!"

భార్గవి తలుపు మీద దబదబా బాదింది.

"తలుపు తియ్యి! ఎవత్తయ్యా అది?"

లోపల ఏదో డబ్బా దొర్లింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఉపేంద్ర ఒళ్ళంతా చెమట. భార్గవి బల్ల కింద చూసింది, డ్రమ్ముల వెనక చూసింది. ఆడమనిషి జాడ లేదు. షెడ్డు మధ్యలో ఒక పచ్చ స్కూటర్ మాత్రం నిలబడి ఉంది.

"ఆడది ఎక్కడయ్యా?"

"ఆడదేందే నీ మొహం! ఎవరూ లేరిక్కడ."

"నా చెవులతో విన్నా. ఇప్పుడే చిలకలూరిపేట పోతన్నా. ఇంక నీతో మా అన్నలే మాట్లాడతారు."

ఆమె అన్నలిద్దరూ అక్కడ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు ఎత్తుతారు. వాళ్ళు నోటితో మాట్లాడేది తక్కువని ఉపేంద్రకి బాగా తెలుసు. ఒకసారి భార్గవిని చూశాడు, ఒకసారి స్కూటర్‌ని చూశాడు. తల పట్టుకుని కూలబడ్డాడు.

"దొంగతనం చేశానే. ఈ బండి నాది కాదు."

ఊళ్ళోకి కొత్తగా వచ్చిన అద్దె బండి అది. ఫోనుతో తాళం తీసుకుని, తిరిగినంతసేపు తిరిగి, ఎక్కడో ఒకచోట ఆపి పోవడమే.

"వినుకొండ రోడ్డులో ఎవరో వదిలేసి పోతే నెట్టుకుంటా తెచ్చా. లోపల సామానేముందో చూద్దామని. ఎవరన్నా చెయ్యేస్తే ఇది అట్టా అరుస్తది. నువ్విన్నది దీని గొంతే."

"బండి మాట్లాడుద్దా?"

ఉపేంద్ర స్క్రూడ్రైవర్ తీసుకుని, కాళ్ళు పెట్టుకునే చోట మూత ఊడదీశాడు. లోపల వైర్ల మధ్య చిన్న నల్ల పెట్టె ఉంది. దాన్నీ విప్పాడు.

"ఇదే దీని బుర్ర. ఇది సిమ్ము, మన ఫోన్లో ఉండేదే. బండి ఎక్కడుందో కంపెనీకి కబురు పంపుద్ది. ఇదేమో బుల్లి బ్యాటరీ. పెద్ద బ్యాటరీ పీకేసినా బుర్ర బతికే ఉంటది. ఇదిగో, గుండ్రంగా ఉంది చూడు, గొంతు ఇదే."

భార్గవి బండిని పట్టుకుని ఊపింది. అది కుయ్ కుయ్‌మంది.

"మాట రాలేదేంది?"

"వైరు పీకేశాగా. ఇంక కూతే."

"మరి ముట్టుకోమాక అని అచ్చం మన పల్నాడు పిల్ల అన్నట్టే అందేందయ్యా?"

"ఏ ఊరి బండికి ఆ ఊరి యాసే పెడతన్నారే. కాలం మారింది."

కాలం మారిందంటే మనవాళ్ళు దేన్నైనా నమ్మేస్తారు. భార్గవీ నమ్మింది. నమ్మి బావురుమంది.

"దొంగతనమేనా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా! చచ్చిపోయాననుకున్నా." కోటయ్య సామికి మొక్కు మొక్కింది ఆ నిమిషంలోనే.

తర్వాత పోలీసులు గుర్తొచ్చారు. బండి మీద అంటించిన కంపెనీ నంబరు చూసి ఫోన్ తీసింది. ఉపేంద్ర కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"వద్దే! చీకటి పడ్డాక నేనే రోడ్డు మీద పెట్టొస్తా."

"నువ్వు కూర్చో. దొరికిందని చెప్తా. నీ మీద ఈగ వాలనిస్తానా?"

కంపెనీ తరఫున అమ్జద్ అనే టెక్నీషియన్ వచ్చాడు. ఫోన్లో ఏదో చూసుకుని నవ్వాడు.

"కేసేం లేదక్కా. ఎవరో మేడం అద్దెకి తీసుకున్నారు. ఫోన్లో అద్దె ఆపకుండానే దిగి పోయినట్టున్నారు. అద్దె ఇంకా నడుస్తానే ఉంది."

భార్గవి ప్రాణం లేచొచ్చింది. ఎవరో వదిలేసిన బండే మొగుడు తెచ్చాడు, అబద్ధం చెప్పలేదు.

"అయ్యో, ఏం మతిమరుపు పిల్లో పాపం! ఆ అద్దె ఆపెయ్యి తమ్ముడూ, ఎవరి బిడ్డో ఏమో."

ఉపేంద్ర గోడ చూస్తూ నిలబడ్డాడు. భార్గవి అమ్జద్‌కి చల్లటి మజ్జిగ తెచ్చిచ్చింది. అతను తాగి, బండి మూత బిగించబోతుంటే ఆమెకి మనసొప్పలేదు. తన మొగుడు పాడు చేసిన సామాను తన మొగుడే బాగు చేయించాలిగా.

"ఒక్క మాట తమ్ముడూ. ఈయన తెలీక గొంతు వైరు పీకాడు. అది కూడా తగిలించిపో. ముట్టుకోమాక అని మన యాసలో ఎంత ముద్దుగా అంటదో!"

అమ్జద్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వైర్లన్నీ ఉన్నయ్యక్కా. దీంట్లో కుయ్ కుయ్‌మనే బజరే గానీ, మాట్లాడే స్పీకర్ మా బళ్ళలో అసలు ఉండదు."