మెసేజ్ రాలేదుగా

శుక్రవారం కరెంటు పోయి సర్వర్ ఆగింది. మళ్ళీ ఆన్ చేసి, బ్లాంటైర్ ఊళ్ళోని మా ఆఫీసుకు తాళం వెయ్యబోయాను. మా డ్రైవర్ అంత్యక్రియలు ఆవేళ. చావుకి వెళ్ళనివాణ్ణి మా దగ్గర మనిషిగా చూడరు.

"లింబానీ, గంటగంటకీ షిరె నది మట్టం చూసి గట్టు ఊళ్ళకి హెచ్చరిక పంపే సర్వర్ జాబ్ మొదలైందా?" అంది నాతో పనిచేసే తదాలక్క.

"ఫెయిలైతే మన ఫోన్లకి మెసేజ్ వస్తుందిగా అక్కా. రాలేదంటే నడుస్తున్నట్టే. పద, శవాన్ని ఎత్తేస్తారు."

సోమవారం రేడియోలో షిరె వరద వార్త విని ఆఫీసుకి పరుగెత్తాం. జాబ్‌లన్నిటినీ టైముకి లేపే ప్రోగ్రామే పడుకుని ఉంది. సర్వర్ ఆగి లేస్తే దాన్ని మనమే చేత్తో మొదలుపెట్టాలి. నేను పెట్టలేదు. మూడు రోజులుగా ఒక్క హెచ్చరికా వెళ్ళలేదు. ఫెయిలైందని మాకు మెసేజ్ పంపేది కూడా ఆ ప్రోగ్రామ్ లేపాల్సిన జాబే.

అక్క తల పట్టుకుంది. మెల్లగా అడిగింది.

"మీ ఆవిడ పురిటికి వెళ్ళింది ఆ గట్టు ఊరికే కదరా? ఫోనేమైనా వచ్చిందా?"

"రాలేదక్కా," అన్నాను. "రాలేదంటే..."

శుక్రవారం అంత తేలిగ్గా అనేసిన మాట ఇవాళ నోరు దాటలేదు.