పాఠంలో ఉన్నది రాస్తే చాలు

పరీక్ష రేపు. కిటికీ పక్క అమ్మాయి కాగితం మాత్రం ఇవాళ కూడా తెల్లగానే ఉంది.

టీచరుకి ఒళ్లు మండిపోయింది.

ముందుగా ఇచ్చిన పాఠం చదివి, దాని మీద వ్యాసం రాయాలి. అదీ పరీక్ష. గట్టెక్కితేనే కాలేజీలో సీటు.

పాఠం కూడా చిన్నదే. ఓ బట్టల మిల్లు తగలబడింది. కాపలాదారుడు గేటుకి తాళం వేసి పారిపోయాడు. తప్పెవరిదో పాఠంలోంచే ఆధారాలు చూపిస్తూ రాయాలి.

మిగతావాళ్లు తప్పో ఒప్పో పేజీలు నింపారు. ఒకడైతే పాఠమంతా దించేసి, కింద 'ఇదీ నా సొంత అభిప్రాయం' అని కూడా రాశాడు.

ఈ పిల్ల ఒక్క ముక్క రాయదు.

"ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురమ్మన్నాను, ఏరీ?"

"తాతయ్య వచ్చారు మేడమ్."

వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచి, దగ్గుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చాడు. క్లాసు మొదలైనప్పట్నుంచీ అదే దగ్గు. సగం పాఠం అందులోనే కొట్టుకుపోయింది.

"మీ మనవరాలు పాఠం అబద్ధమంటోందండీ."

"ఆయన పారిపోలేదు మేడమ్," అంది అమ్మాయి.

"నువ్వు చూశావా?"

అమ్మాయి తాతయ్య వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తలూపాడు.

"నిజమో అబద్ధమో నాకనవసరం. పాఠంలో ఉన్నదే ఆధారం. బయటి సంగతులు రాస్తే సున్నా! మీరైనా చెప్పండి పెద్దాయనా, చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది."

"పాఠంలో ఎలా ఉంటే అలా రాసెయ్ తల్లీ."

"తాతయ్యా!"

"పారిపోయాడనే రాయి. ఇప్పుడు కావాల్సింది నీ సీటు."

మళ్లీ దగ్గు తెర ముంచుకొచ్చింది.

"చూశావా, మీ తాతయ్యకున్న బుద్ధి నీకు లేదు! ఇక మీరు వెళ్లండి. ఈ దగ్గుతో పిల్లలు చదవలేకపోతున్నారు."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అమ్మాయి పెన్ను తీసింది. పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

టీచరు చదివింది. ప్రతి నిందకీ పాఠంలోంచి ఆధారముంది. కాపలాదారుడి పిరికితనాన్ని ఆ పిల్ల ఉతికి ఆరేసింది. టీచరుకి ఇన్నాళ్ల విసుగూ ఒక్కసారిగా దిగిపోయింది.

"ఇంత బాగా రాయగలిగి నన్నెందుకే ఇలా కాల్చుకుతిన్నావు? తీసుకెళ్లి మీ తాతయ్యకి చదివి వినిపించు, సంతోషిస్తారు."

అమ్మాయి కాగితం అందుకోలేదు. వరండాలో ఖాళీ బెంచీనే చూస్తోంది.

"వినిపించలేను మేడమ్," అంది. "గేటు తాళం తీసి, ఆ పొగలోకి మళ్లీ మళ్లీ వెళ్లి మనుషుల్ని మోసుకొచ్చిన కాపలాదారుడు ఆయనే, ఆ దగ్గు అప్పటిదే."