చుక్క తాగని కారు

"మళ్లీ పాలు పడుతున్నావా దానికి?"

గేటు దగ్గర నుంచే ఎత్తిపొడిచాడు బావ. అక్కావాళ్లింటికి వచ్చిన బావమరిది, వాకిట్లో తన కారు బానెట్ ఎత్తి, ఇంజన్లో ఆయిల్ పోసుకుంటున్నాడు.

"టర్బో ఇంజను కదా బావా, కాస్తో కూస్తో తాగుతుంది. వారానికోసారి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూసుకుని, తగ్గినంత పోస్తే చాలు."

"మాదీ టర్బోనే! అదే కంపెనీ, అదే మోడలు. కొన్నప్పటి నుంచి విడిగా చుక్క పోసిన పాపాన పోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస!"

అంటూనే తన కారు బానెట్ ఎత్తాడు. ఆదివారం ఆదివారం ఆయనకిదొక వేడుక. భార్య కారు కడిగి తళతళలాడించాక, చేతికి దుమ్ము అంటుకోదని తేల్చుకుని మరీ వచ్చి ఆయిల్ పుల్ల తీస్తాడు. ఇవాళా తీశాడు. ఆయిల్ పై గీత దాకా నిగనిగలాడుతోంది.

"చూశావా? అంతా నడిపే చేతిలో ఉంటుందయ్యా. మీ వంశంలో ఆ చెయ్యే లేదు."

బావమరిదికి ఒళ్లు మండింది. బావ నడిపే తీరు అతనికి తెలియనిదా? ఇంజను వేడెక్కకుండానే రయ్యిమనిపిస్తాడు. ఎంత దూరం నుంచి వచ్చినా, టర్బోని కాస్త చల్లారనివ్వకుండా టక్కున ఆపేస్తాడు. అయినా ఆ కారు చుక్క తాగదు! గొప్పలు చెప్పుకునేవాళ్లకే కాలం కాబోలు.

బకెట్టూ గుడ్డా పట్టుకుని అక్క వచ్చింది.

"ఏమండీ, రేపట్నుంచి ఆసుపత్రిలో నాది తెల్లవారుజాము డ్యూటీ. ఆ వేళకి బస్సులుండవు. వెళ్లకపోతే ఉద్యోగం ఊడుతుంది. లైసెన్సు ఎలాగూ ఉంది, కారు నేను తీసుకెళ్తా."

బావ పగలబడి నవ్వాడు.

"నువ్వా? కారు కడగమంటే గుడ్డంతా మసి చేసుకొచ్చావు, నువ్వు టర్బో బండి నడుపుతావా? అసలు ఇంజన్లో ఆయిల్ ఎక్కడుంటుందో తెలుసా నీకు?"

అక్క ముఖం కందిపోయింది.

"ఇవ్వొచ్చు కదా బావా," అన్నాడు తమ్ముడు, ఉండబట్టలేక.

"నువ్వూరుకో! కడుగుతుంది కదా అని తాళం చేతికిస్తే నెత్తికెక్కింది. ఇలా తే తాళం. ఇకమీదట బయట కడిగిస్తా. మళ్లీ ఆ బానెట్ మీద చెయ్యి వేశావంటే చూడు!"

"వెయ్యనండి."

"మాట తప్పకూడదు."

"ఛ, తప్పుతానా?" అంటూ తాళం ఆయన చేతిలో పెట్టింది.

బావ దాన్ని వేలికి తిప్పుకుంటూ దర్జాగా లోపలికి వెళ్లాడు.

అక్క మెట్ల కింద సబ్బుల బుట్ట వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం కారు కడిగే ముందు తను గుట్టుగా ఇంజన్లో పోస్తూ వచ్చిన ఆయిల్ డబ్బాను బయటికి లాగి, తమ్ముడి కారు డిక్కీలో పెట్టేసింది.