అక్క కోసం కట్టిన బాణీ

ఆ కాలంలో కీబోర్డును కంప్యూటరుకు తగిలించి ఒక వరుస వాయిస్తే చాలు, మిగతా బాణీ అదే అల్లి స్వరాలు రాసిపెట్టేది.

కాకినాడలో కరుణమ్మ, చనిపోయిన అక్క కోసం మనసులో ఒక బాణీ కట్టుకుంది. మొదటి వరుస వాయించగానే తెరమీద పాటంతా సిద్ధమైపోయింది. వంటింట్లో పప్పు మాడు వాసన వస్తుంటే, "బాగానే ఉందిలే" అనుకుని లేచిపోయింది.

జ్ఞాపకార్థ కూటంలో ఆ పాటకు అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక బావ దయానందం అడిగాడు.

"బావుంది కరుణా. మరి మొన్న వంట చేస్తూ కూనిరాగం తీశావే, అదేమైంది?"

కరుణమ్మ కంప్యూటరు వైరు పీకేసి ఆ రాగం వాయించబోయింది. మొదటి వరుస దాటగానే వేళ్లు కంప్యూటరు బాణీలోకే జారిపోయాయి. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే.

"అక్క కోసం నేను కట్టింది అదే బావగారూ," అంది ఏడుస్తూ. "ఇంక రావట్లేదు."