ఇరవై కిలోల సంచి

మంచు కొలిచే శిబిరానికి మనిషికి ఇరవై కిలోల సామానే. నా సంచి అక్క సర్దుతోంది. కిందటేడు అక్కడే తన కుడిచేతి వేళ్లు రెండు చలికి చచ్చుబడితే తీసేయాల్సి వచ్చింది. ఇక తను శిబిరానికి రావడం కుదరదు.

"మేజోళ్లు ఆరు జతలు. తడిస్తే వెంటనే మార్చు, బద్ధకించకు."

ఆ చేతివంక చూడకుండా తలూపాను. కిందటేడు ఇద్దరి సామానూ సర్దింది నేనే. అదనపు గ్లౌజులు తీసేసి, ఆ చోట్లో నా లావుపాటి నవల దాచుకున్నాను. అక్క గ్లౌజులు తడిసిన రోజున నాలుక్కరుచుకుని, "అయ్యో, మర్చిపోయానక్కా" అన్నాను.

అక్క గ్లౌజులు మూడు జతలు పెట్టి, సంచిని తూచింది. పందొమ్మిది.

అల్మరాలోంచి ఆ నవల తీసి నా చేతికిచ్చింది.

"ఈసారి దీనికీ చోటుంచానులే. పెట్టుకో."