రెండు గదుల్లో బొమ్మ

"రెండు గదుల్లోనూ బొమ్మ పోయింది," అంది రేలీన్, కారు వెనక లాక్కెళ్ళే తమ కారవాన్ ఇంటి మెట్టు మీద నిలబడి.

మెర్వ్ మడత కుర్చీలోంచి లేవలేదు. "మీట నొక్కావా?"

"వేలు అరిగేదాకా నొక్కాను. నీ మహారాజు తలే ఎత్తడం లేదు."

"తలే ఎత్తడం లేదా?" మెర్వ్ టోపీ వెనక్కి తోసుకుని కారవాన్ పైకప్పు వైపు చూశాడు.

"పొద్దున ఆకులు దులుపుతానని పైకెక్కావుగా, ఏం తొక్కావో."

"నేనేం తొక్కలేదు."

మహారాజంటే కప్పు మీద కూర్చున్న కొత్త డిష్షు. మీట నొక్కితే చాలు, తనంతట తనే లేచి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. ముందుగది టీవీకీ వెనక పడకగది టీవీకీ ఒకేసారి బొమ్మ పంపుతుంది. ముందు మెర్వ్ ఫుట్‌బాల్, వెనక రేలీన్ క్విజ్. చెవులకి చెరో హెడ్‌ఫోను, మధ్యలో మూసిన తలుపు. అది వచ్చిన మూడు వారాల నుంచీ ఆ కారవాన్‌లో పోట్లాట లేదు, మాటా లేదు.

"ఆరింటికి నా జట్టు ఆట. ఓడితే ఈ ఏటికి మూటాముల్లే సర్దుకోవడమే," అన్నాడు మెర్వ్.

"ఆరింటికే నా క్విజ్ ఫైనల్ కూడా. ఆ పాత ముక్కాలి డిష్షుని బయటికి తియ్యి."

"తీసినా ఒక్క టీవీకే వస్తుంది. దానికున్నది ఒకటే తీగ."

"ఒక్కటి చాల్లే. గొణక్కుండా తియ్యి."

ఆస్ట్రేలియాలో లాంగ్‌రీచ్ ఊరు దాటాక ఆ ఎండిన వాగు ఒడ్డున అప్పటికి మావి పదకొండు కారవాన్లున్నాయి. ఎవరైనా ముక్కాలి డిష్షు బయటికి తీశారంటే మా కుర్చీలన్నీ అటు తిరుగుతాయి. మాకు సాయంత్రం పూట అంతకుమించిన వినోదం ఏముంది?

మెర్వ్ ముక్కాలిని ఎర్రమట్టిలో నిలబెట్టి, గాలికి పడిపోకుండా నీళ్ళ డబ్బా వేలాడదీశాడు. దిక్సూచి చూసుకుని డిష్షును ఉత్తరానికి కాస్త తూర్పుగా తిప్పాడు. రేలీన్ పడకగదిలో టీవీ ముందు కూర్చుని కిటికీ తెరిచింది.

"ఇప్పుడొచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడు?"

"సిగ్నల్ నలభై... యాభై... ఆగు. పోయింది."

"ఆగమంటావు, పోయిందంటావు. ఏదో ఒకటి చెప్పు."

"ఆగమన్నప్పుడు ఆగితే పోదుగా. నీ చేతికి చెవులున్నాయా?"

పక్క కారవాన్ కెవ్ బీరు సీసా మోకాలి మీద ఆనించుకున్నాడు. "ఏమోయ్ మెర్వ్, దిక్సూచిని కారుకి ఆనించి చూస్తే ముల్లు ఉత్తరం ఎక్కడ చూపిస్తుంది? ఇంజన్నే చూపిస్తుంది."

"నువ్వు నోరు మూసుకుని తాగు."

"రేలీన్, నామాట విని ఈ మనిషిని మార్చెయ్."

"మార్చుదును, కెవ్. మరీ పాత మోడలు. ఎవరూ పుచ్చుకోరు," అంది రేలీన్ కిటికీలోంచి.

అందరూ నవ్వారు. మెర్వ్ కూడా నవ్వి, మళ్ళీ మొహం ముడుచుకున్నాడు. ఈసారి నీలగిరి చెట్టు అడ్డమొచ్చింది. ముక్కాలిని ఎత్తి అవతల పెట్టాడు. అక్కడా కొమ్మే. ఇంకో పది అడుగులు జరిపాడు.

"చెట్టు కింద పెట్టకని ఎన్నేళ్ళుగా చెబుతున్నాను?"

"నలభై మూడేళ్ళుగా. ఇప్పుడొచ్చిందా?"

రేలీన్ కిటికీలోంచి అతన్నే చూస్తోంది. మెర్వ్ ఒక చేత్తో డిష్షు పట్టుకుని, రెండో చేత్తో మోకాలు రుద్దుకుంటున్నాడు. ఆమెకి మనసు చివుక్కుమంది.

"వదిలెయ్ మెర్వ్. ఒక్క రోజు టీవీ లేకపోతే చచ్చిపోము."

"వదలను. నువ్వు అంకెలు చెప్పు. గట్టిగా అరిచి చెప్పు."

ఆరుకి అయిదు నిమిషాలుందనగా బొమ్మ వచ్చింది. అదీ పడకగదిలోనే. మెర్వ్ బూట్లు విప్పి మంచం మీద ఆమె పక్కన చేరాడు. రిమోటు ఆమె చేతిలో పెట్టాడు. "నీ క్విజ్ పెట్టుకో."

"నీ జట్టు ఓడితే ఇంటికేగా. నీదే పెట్టు."

రిమోటు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆట దగ్గర ఆగింది. రేలీన్ టీ తెచ్చి, దుప్పటి ఇద్దరి కాళ్ళ మీదా కప్పింది.

"ఇందులో మనవాళ్ళెవరు?"

"నలుపూ పసుపూ. ఎప్పుడూ అదే రంగు, రే."

"మరి ఆ పొట్టివాడు బంతిని వాళ్ళకెందుకిచ్చాడు?"

"నన్నడిగితే? వాడి అమ్మనడుగు."

ఆట అయ్యేదాకా ఆమె అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు. అతని జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మెర్వ్ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఖాళీ కప్పు పక్కన పెట్టి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. రేలీన్ ఇక ఆపుకోలేకపోయింది. స్వెటర్ జేబులోంచి చిన్న ఫ్యూజు తీసి దుప్పటి మీద పెట్టింది.

"తిట్టకు మెర్వ్. నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మహారాజు ఫ్యూజు నేనే పీకేశాను. నీ గొంతు విని మూడు వారాలైంది. నాకు బెంగగా ఉంది. నీ మోకాలు నొప్పెడుతుందని తట్టలేదు."

మెర్వ్ ఆ ఫ్యూజుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, మళ్ళీ దుప్పటి మీద పెట్టాడు. తర్వాత చొక్కా జేబులో చెయ్యిపెట్టి, డిష్షు తీగల్ని కలిపే రెండు ఇత్తడి ముక్కల్ని తీసి ఫ్యూజు పక్కనే పెట్టాడు.

"అదా సంగతి," అన్నాడు. "పొద్దున పైకెక్కి వీటిని ఊడదీశాను. బొమ్మ పోవాలి గానీ, అది తలే ఎత్తకపోవడమేమిటా అని అప్పట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను."